వావెల్ తెరలు ఎవరివి?

క్రాకోవ్‌లోని వావెల్ కోట గోడలకు వేలాడే బైబిలు తెరలను పోలండ్ తన జాతి సంపదగా చెప్పుకుంటుంది. వాటిలో ఒక్కటీ పోలండ్ మగ్గం మీద నేసింది కాదు. 1550 ప్రాంతం నుంచి పదేళ్లకు పైగా బ్రసెల్స్ నేతగాళ్లతో నేయించి తెప్పించుకున్నవాడు పోలండ్ రాజు జిగ్మంట్ ఆగస్ట్. మరి దేశం సొత్తు ఎలా అయ్యాయంటే, ఆ రాజు రాసిన వీలునామా వల్ల.

ముందు నేత సంగతి. ఇది గుడ్డ మీద వేసిన బొమ్మ కాదు, కుట్టుపనీ కాదు. ఉన్ని, పట్టు, వెండి బంగారు జరీ పోగులు పేకగా, అంటే అడ్డపోగులుగా నడుస్తూ పడుగును, అంటే నిలువు పోగులను పూర్తిగా కప్పేస్తాయి. బొమ్మంతా పేకలోనే పుడుతుంది. బ్రసెల్స్ మగ్గాల్లో నమూనా చిత్రం పడుగు కింద ఉండేది. నేతగాడికి కనిపించేది తెర వెనకవైపే కాబట్టి దించాక కుడి ఎడమలు తారుమారవుతాయి. గీసేవాడు ఆ లెక్క ముందే వేసుకోవాలి. బైబిలు ఘట్టాలకు నమూనాలు గీసిన మిఖీల్ కోక్సీ రోములో పని నేర్చిన ఫ్లెమిష్ చిత్రకారుడు. ఆయన ఆదాము హవ్వలు ఇటలీ శిల్పాల్లా కండపుష్టితో ఉంటారు. నోవహు ఓడ, బాబెలు గోపురం ఘట్టాలూ ఉన్నాయి. 1553లో రాజుగారి మూడో పెళ్లికి వచ్చిన అతిథులు ఈ తెరలను చూసి అబ్బురపడ్డారు.

ఆయనకు పిల్లలు లేరు. 1571 నాటి వీలునామాలో తెరలను ముగ్గురు అక్కచెల్లెళ్లు బతికున్నంత కాలం అనుభవించాలని, ఆ తర్వాత అవి రాజ్యానికి చెందాలని రాశాడు. రాజుల సొమ్ము రాజవంశానికే అనుకునే కాలంలో ఇది సామాన్యమైన మాట కాదు. తర్వాతి రాజులకు ఈ మాట మింగుడుపడలేదనే నాకనిపిస్తుంది. 1668లో సింహాసనం వదులుకున్న యాన్ కజిమీర్ష్ వీటిని గ్డాన్స్క్ వర్తకుడికి తాకట్టు పెట్టేశాడు. విడిపించుకునేసరికి 1724 వచ్చింది.

పొరుగు రాజ్యాలు పంచుకోవడంతో 1795లో పోలండ్ పటం మీదే లేకుండా పోయింది. రష్యన్లు తెరలను పీటర్స్‌బర్గ్ తరలించారు. మళ్లీ లేచిన పోలండ్ సోవియట్ రష్యాతో చేసుకున్న 1921 రీగా ఒప్పందం తర్వాతే అవి విడతలుగా ఇల్లు చేరాయి.

చేరి ఇరవై ఏళ్లు కాలేదు, 1939 సెప్టెంబరులో జర్మన్ సేనలు వస్తుంటే విస్తులా నది మీద పడవలో బయల్దేరాయి. రొమేనియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ దాటి 1940లో ‘బాతోరి’ ఓడలో కెనడాకు వెళ్లాయి. యుద్ధం ముగిశాక అసలు తగువు మొదలైంది. వార్సాలో కమ్యూనిస్టు ప్రభుత్వం, లండన్‌లో ప్రవాస ప్రభుత్వం. రాజు రాసిచ్చిన ‘రాజ్యం’ ఈ ఇద్దరిలో ఎవరు? ప్రవాస ప్రభుత్వం పక్షాన నిలిచినవాళ్లు పెట్టెల్లో కొన్నింటిని కెనడా రాష్ట్రమైన క్విబెక్‌లోని మఠాల్లో దాచారు. క్విబెక్ ప్రధాని మోరిస్ డుప్లెసిస్ కమ్యూనిస్టులకు ఇవ్వనని భీష్మించి, వాటిని రాష్ట్ర మ్యూజియంలో పెట్టించాడు. 1959లో ఆయన చనిపోయాకే చిక్కు వీడింది. 1961లో తెరలు వావెల్ చేరాయి.

తొలుత సుమారు 160 ఉండేవంటారు, ఇప్పుడు మిగిలినవి 138. రష్యాలోనే ఉండిపోయిన ఒకటి, జలప్రళయానికి ముందు మనుషుల పతనాన్ని చూపే తెర, 1977లో గానీ పోలండ్‌కు రాలేదు. అది క్రాకోవ్‌కు వెళ్లలేదు, వార్సా రాచకోటలో ఉంచారు.