ఊళ్ల మీద బాంబులు పడితే జనం తిరగబడతారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

డిగ్రీ కళాశాలలో ఆధునిక ఐరోపా చరిత్ర చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ప్రపంచంలో ఏ మూల యుద్ధం రాజుకున్నా, రెండో వారానికల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. ‘‘దండెత్తిన దేశం మీదే నాలుగు బాంబులు పడితే అక్కడి జనానికి కళ్లు తెరుచుకుని, వాళ్లే తమ ప్రభుత్వాన్ని దించేస్తారు కదా సార్?’’

2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సేనలు సరిహద్దు దాటి రష్యాలోని కూర్స్క్ ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడు ఈ ప్రశ్న నాకు ఫోన్‌లో ఎదురైంది. మా పాత విద్యార్థిని తమ్ముడు కూర్స్క్‌లో వైద్యవిద్య చదువుతున్నాడు. వాళ్లమ్మగారు ఫోన్ చేసి, ‘‘వారం తిరక్కుండా అక్కడి జనమే ఎదురుతిరిగి యుద్ధం ఆపించేస్తారని వాట్సాప్‌లో వచ్చింది సార్, ఈ వారానికి బాబుని అక్కడే ఉండమనమంటారా?’’ అని అడిగారు. ఆవిడ గొంతులోని వణుకు విన్నాక, ఆ సందేశం రాసి పంపినవాడి మీద నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. బ్రయాన్‌స్క్, బెల్గొరోద్, కూర్స్క్ ప్రాంతాల్లోని భారతీయులు తాత్కాలికంగా బయటికి వెళ్లాలని మన రాయబార కార్యాలయం ఆ నెలలోనే సూచించింది. ఆ మాట వినమని చెప్పాను. పిల్లవాడు మాస్కోలో స్నేహితుడి గదికి చేరాడు. అప్పటినుంచి రాయాలనుకుంటున్నది ఇది.

అపోహ: బాంబులు పడితే జనం పాలకుల మీద తిరగబడతారు.

ఇది టీ కొట్టు దగ్గరి మాట మాత్రమే అయితే విని ఊరుకోవచ్చు. కానీ ఒకప్పుడు ఇది ప్రభుత్వాల యుద్ధ విధానం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఫిబ్రవరి 14న బ్రిటన్ తన బాంబర్ దళానికి ఇచ్చిన ఆదేశంలో, శత్రుదేశపు పౌరుల, ముఖ్యంగా కర్మాగార కార్మికుల మనోధైర్యాన్ని దెబ్బతీయడంపైనే దృష్టి పెట్టాలని రాసుకుంది. ఆ ఊహ ఖరీదు ఎంతో యుద్ధం ముగిశాక అమెరికా జరిపించిన సర్వేలో తేలింది. జర్మనీలో 3,05,000 మంది పౌరులు చనిపోయారు, 7,80,000 మంది గాయపడ్డారు, 75 లక్షల మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. బాంబులు వేయడానికి వెళ్లిన బ్రిటిష్ బాంబర్ దళంలోనూ 55 వేల మందికి పైగా తిరిగి రాలేదు. ఇంత జరిగినా తిరుగుబాటు మాత్రం రాలేదు. బెర్లిన్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చేదాకా నాజీ పాలన నిలిచే ఉంది.

జర్మనీలోని హాంబుర్గ్ నగరాన్నే తీసుకోండి. 1943 జూలై 24న మొదలైన దాడులు ఆగస్టు 3 దాకా సాగాయి. వాటిలో జూలై 27 అర్ధరాత్రి దాటాక లేచిన మంటలు ఒకదానితో ఒకటి కలిసి అగ్నితుపానుగా మారాయి. తారు కరిగి పారిపోతున్నవారి కాళ్లు రోడ్డుకు అంటుకుపోయాయి, నేలమాళిగల్లో దాక్కున్నవారిలో చాలామంది ఒంటికి మంట తగలకుండానే ఊపిరాడక పోయారు. ఆ పది రోజుల్లో మరణించినవారు 34 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా, నగరం విడిచిపోయినవారు సుమారు తొమ్మిది లక్షలు. ఇలాంటివి ఇంకో ఆరు నగరాల మీద జరిగితే ఆయుధాల ఉత్పత్తి ఆగిపోతుందని ఆయుధాల మంత్రి ఆల్బర్ట్ స్పియర్ స్వయంగా హిట్లర్‌ను హెచ్చరించాడు. ఆయన లెక్క కూడా తప్పింది. కొద్ది నెలల్లోనే కార్మికుల్లో చాలామంది తిరిగొచ్చి పనిలో చేరారు, జర్మనీ ఆయుధాల ఉత్పత్తి ఆ మరుసటి ఏడాది నడివేసవిలో గరిష్ఠ స్థాయికి చేరింది.

మా విద్యార్థి ఒకడు హాంబుర్గ్‌లో ఎం.ఎస్. చేస్తూ, స్మారకంగా మిగిల్చిన సెయింట్ నికోలై చర్చి శిథిలాల ఫొటో పంపించి, ‘‘ఇంత జరిగాక కూడా వీళ్లకు కోపం రాలేదా సార్?’’ అని అడిగాడు. వచ్చింది, బాగా వచ్చింది. దాడుల తర్వాత చాలామంది కోటు మీది పార్టీ బ్యాడ్జీ తీసేశారని, ‘హైల్ హిట్లర్’ అని పలకరించుకోవడం తగ్గిందని నాజీ భద్రతా విభాగం రహస్య నివేదికల్లో రాసుకుంది. అయితే కోపం వేరు, తిరుగుబాటు వేరు. ఇల్లు కాలిపోయిన మనిషి మర్నాడు పొద్దున చేసే మొదటి పని, కూలిన గోడ మీద సుద్దముక్కతో ‘‘అందరం బతికే ఉన్నాం, ఫలానా ఊళ్లో ఫలానా వారింట్లో ఉన్నాం’’ అని రాసి, చెల్లాచెదురైన తనవాళ్లను వెతుక్కోవడం. ఆ తర్వాత కావలసింది దుప్పటి, రొట్టె, కొత్త రేషన్ కార్డు, నష్టపరిహారం కాగితం, పిల్లలను పల్లెకు చేర్చే రైలు. ఇవన్నీ ఇచ్చేది ఎవరు? ఈ ముప్పు తెచ్చిపెట్టిన ప్రభుత్వమే. తిట్టుకుంటూనైనా ఆ గుమ్మం ముందే వరసలో నిలబడాలి. పెద్ద దాడులు జరిగినప్పుడు అదనంగా కాఫీ, సిగరెట్లు, మద్యం పంచిన పాలకులకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. యుద్ధం ఇంటికి వచ్చేకొద్దీ మనిషికి ప్రభుత్వం మీద నమ్మకం పోతుంది, అవసరం పెరుగుతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి జరుగుతాయన్నది నా విద్యార్థులకు ఎక్కించడం ఎప్పుడూ కష్టమే.

భయం సంగతి చెప్పనే లేదు. విదేశీ రేడియో వినడాన్ని 1939 సెప్టెంబరులోనే నేరం చేశారు. ‘ఈ యుద్ధం మనం ఓడిపోతాం’ అని పక్కింటివాడితో అన్నందుకు ఉరికంబం ఎక్కినవారున్నారు. ‘ప్రజా న్యాయస్థానం’ అని పేరు పెట్టుకున్న ఆ కోర్టు ఐదు వేలకు పైగా మరణశిక్షలు వేసింది.

అయినా జనం వీధికెక్కిన సందర్భాలు లేకపోలేదు. 1943 అక్టోబరు 11న రూర్ ప్రాంతంలోని విట్టెన్‌లో సుమారు 300 మంది స్త్రీలు గుమిగూడారు, వారిని చెదరగొట్టడానికి పోలీసులు సైతం నిరాకరించారు. వాళ్లు అడిగింది యుద్ధం ఆపమని కాదు. దూరప్రాంతాలకు తరలించిన చోటునుంచి అనుమతి లేకుండా ఇంటికి వచ్చేసినందుకు అధికారులు ఆపేసిన రేషన్ కార్డులు ఇమ్మని. తరగతిలో నేను ఎక్కువసేపు ఆగేది ఈ ఘటన దగ్గరే. కోపం నిజమైనదే, ధైర్యమూ నిజమైనదే, కానీ అది రేషన్ గుమాస్తా బల్ల దగ్గర ఆగిపోయింది. ‘ఈ సంగతి ఫ్యూరర్‌కు (అంటే హిట్లర్‌కు) తెలిస్తేనా!’ అన్నది ఆనాటి జర్మనీలో ఊతపదం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు అనుకోరూ, అలాంటిదే. దేవుణ్ని కాపాడుకోవడానికి పూజారిని తిట్టడం.

ఇటలీ మాటేమిటని అడిగేవారుంటారు, అడగాలి కూడా. 1943 జూలై 19న రోమ్ మీద బాంబులు పడ్డాయి, 25న అక్కడి నియంత ముస్సోలినీ పదవి పోయింది. అంతకుముందు మార్చిలో తూరిన్‌లో కార్మికులు సమ్మెలకు దిగిన మాటా వాస్తవమే. అయితే ముస్సోలినీని దించింది వీధిలోని జనం కాదు. సిసిలీలో శత్రుసేనలు దిగాక తమ తలల మీదికి వస్తోందని గ్రహించిన సొంత పార్టీ పెద్దల్లో 19 మంది, పార్టీ అత్యున్నత సభ అయిన మహామండలిలో ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు, రాజు కొన్ని గంటల్లోనే ఆయన్ను బంధింపజేశాడు. దించగలిగిన రాజు, మండలి అంటూ అక్కడ మిగిలి ఉన్నాయి. జర్మనీలో అలాంటివి మిగలలేదు.

అపోహ: బాంబులు పడితే జనం ఉక్కుపిడికిలిలా ఏకమవుతారు.

పైదానికి సరిగ్గా ఎదురు పక్షం, అంతే తప్పు. బాంబు పడిన ఊరివారికి, పడని ఊరివారికి మధ్య, తలదాచుకోవడానికి వచ్చినవారికి, చోటిచ్చినవారికి మధ్య గొడవలతో ఆనాటి నివేదికలు నిండి ఉన్నాయి. పైకి కనిపించిన ఐక్యతలో చాలా భాగం అలసట. వైమానిక రక్షణ గదులను సూచించే ‘ఎల్.ఎస్.ఆర్.’ అనే అక్షరాలకు ‘త్వరగా రష్యన్ నేర్చుకోండి’ అని జర్మన్ భాషలో కొత్త అర్థం చెప్పుకుని నవ్వుకున్న జనం వాళ్లు.

అపోహ: సామాన్యులకు ఏమీ తెలియదు.

ఈ వాదన వింటే నాకు ఓపిక ఉండదు. యూదుల ఇళ్లనుంచి దోచిన మంచాలు, బీరువాలు, దుప్పట్లు హాంబుర్గ్‌కు చేరాయి, వాటిని వేలంలో కొనుక్కున్నవారు మామూలు మనుషులే. ‘మనం యూదులకు చేసినదానికే ఇప్పుడు ఇది అనుభవిస్తున్నాం’ అన్న మాట బాంబులు పడిన ఊళ్లలో గుసగుసగా తిరిగిందని అదే రహస్య నివేదికలు చెబుతాయి. తెలియనివాళ్లు ఆ మాట అనలేరు. అలాగని దాన్ని పశ్చాత్తాపంగా చదవకండి. అందులో ఎక్కువ భాగం ప్రతీకార భయం.

అపోహ: జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద పడిన బాంబులకు రెండు లక్షల మంది చనిపోయారు.

నాజీ ప్రచార మంత్రి గొయెబెల్స్ యంత్రాంగం పుట్టించిన లెక్క అది. చరిత్రకారులతో నగరం నియమించిన సంఘం ఏళ్ల తరబడి పరిశీలించి 2010లో తేల్చిన సంఖ్య గరిష్ఠంగా 25 వేలు. అదే చాలినంత ఘోరం, సున్నాలు కలపనక్కర లేదు.

అపోహ: జపనీయులు క్రమశిక్షణ వల్లే మంటల్లో నిలబడ్డారు.

1941లో సవరించిన వైమానిక రక్షణ చట్టం ప్రకారం నగరం విడిచిపోకుండా పౌరులను ఆపవచ్చు, ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడం చట్టరీత్యా వారి బాధ్యత. 1945 మార్చి 10 తెల్లవారుజామున టోక్యోలో అమెరికా బాంబుల మంటలకు సుమారు లక్ష మంది చనిపోయిన రాత్రి, బకెట్లతో నిలబడినవారిలో ఎందరు ఇష్టంతో నిలబడ్డారో ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత నెలల్లో నగరాలు విడిచిన జపనీయులు లక్షల్లో ఉన్నారు.

అన్నట్టు, పారిపోవడాన్ని పిరికితనమనుకునేవారికి ఒక మాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు మా నాయనమ్మ చంకలో బిడ్డతో, నెత్తిన బియ్యం మూటతో విశాఖ నుంచి నడిచి వెళ్లింది. మనం ఎవరి మీదా దండెత్తినవాళ్లం కాదు, కనుక పోలిక అంతవరకే. జనాన్ని ఊరు కదిలించింది పడిన బాంబుల కన్నా పడబోతున్నాయన్న పుకార్లేనని మాత్రం ఆవిడ చివరిదాకా చెప్పేది.

కూర్స్క్ అబ్బాయి కిందటేడాది సెలవులకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. సరిహద్దులోని సూజా పట్టణం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన ఒక కుటుంబం తన పక్క వాటాలోకి దిగిందట. పోయిన ఇంటికి బదులు ప్రభుత్వం ఇస్తానన్న గృహపత్రం కోసం ఆ పెద్దావిడ రోజూ ఫైలు చంకన పెట్టుకుని కార్యాలయానికి వెళ్లి, సాయంత్రానికి ఒట్టి చేతులతో వచ్చేదట. ‘‘యుద్ధం మొదలుపెట్టినవాళ్లను తిట్టేదా?’’ అని అడిగాను. ‘‘లేదు సార్, గవర్నరును తిట్టేది. సరిహద్దు రక్షణ కట్టడాల డబ్బు కాజేశారన్న కేసులో మాజీ గవర్నరును ఏప్రిల్‌లో అరెస్టు చేసిన రోజు మాత్రం మెట్ల దగ్గర అందరికీ మిఠాయి పంచింది’’ అన్నాడు.

‘‘పత్రం వచ్చిందా మరి?’’

‘‘నేను బయల్దేరేనాటికి రాలేదు సార్.’’