వాన వెలిసిందంటే వచ్చినట్టా, ఆగినట్టా?

"వాన వెలిసింది. రాము గొడుగు ముడిచి, గుమ్మంలో తాత చెప్పులు ఉన్నాయేమో చూశాడు."

నాలుగో తరగతి పిల్ల ఒకామె ఈ రెండు వాక్యాలూ ఎక్కడా తడబడకుండా చదివింది. వాన వచ్చిందా, ఆగిందా అని అడిగితే "వచ్చింది" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. కొండ మీద స్వామి వెలిశాడని ఇంట్లో వింటూ పెరిగింది. నిఘంటువులో వెలయడం, వెలియడం వేరు వేరు మాటలు కావచ్చు, పిల్లల చెవికి రెండూ ఒకటే. అలాంటప్పుడు మనం ఏం చేస్తాం? "కాదమ్మా, ఆగింది" అని చెప్పి తర్వాతి ప్రశ్నకు పోతాం. పిల్లకు జవాబు అందుతుంది. ఆ జవాబు టీచరుకు ఎలా దొరికిందో మాత్రం పిల్లకు అందదు. గొడుగు ముడిచాడంటే వాన ఆగి ఉండాలన్న లెక్క టీచరు బుర్రలో రెప్పపాటులో జరిగిపోయింది. ఎవరికీ వినపడలేదు.

ఆ లెక్కను పైకి చెబుతూ చదివి చూపించడాన్నే థింక్ అలౌడ్ అంటున్నారు. ట్రైనింగుల్లో ఈ మాట విని, ఇదేదో బడిలో పుట్టిన పద్ధతి అనుకుంటాం. నిజానికి ఇది పుట్టింది సైకాలజీ ల్యాబుల్లో, చదరంగం బల్లల దగ్గర. బడికి చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది.

అమెరికా బడుల్లో పంతొమ్మిదో శతాబ్దంలో చదువంటే ప్రధానంగా పైకి చదవడమే. గొంతు, ఉచ్చారణ, విరామం బాగుంటే పిల్లాడికి చదువు వచ్చినట్టే. 1910ల నుంచి గాలి మారింది. లోలోపల చదివితే వేగం పెరుగుతుంది, అర్థం మీద దృష్టి నిలుస్తుంది అన్నారు. మంచిదే. కానీ గొంతు మూగబోయాక, పిల్లాడు పేజీ ముందు కూర్చుని ఏం చేస్తున్నాడో తెలుసుకోవడం ఇంకా కష్టమైంది.

ఆ రోజుల్లోనే, 1917లో, కొలంబియా యూనివర్సిటీకి చెందిన సైకాలజిస్టు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లల తప్పుల్ని పట్టుకుని కూర్చున్నాడు. ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు తప్పనిసరిగా బడికి రావాలి, ఫలానా కారణాలుంటే మినహాయింపు అని చెప్పే ఒక చిన్న పేరా ఇచ్చాడు. ఇది దేని గురించి అని అడిగితే "ఫ్రాంక్లిన్" అన్నవాళ్లున్నారు, "కొన్ని వాక్యాలు" అన్నవాళ్లూ ఉన్నారు. పేరా అర్థం చేసుకోవడం లెక్క చేయడం లాంటిదని ఆయన తేల్చాడు. ఏ మాటకు ఎంత బరువివ్వాలి, దేన్ని దేనితో కలపాలి అన్నది ప్రతి వాక్యం దగ్గరా తేల్చుకోవాలి. నూరేళ్లు దాటినా ఈ మాటకు తుప్పు పట్టలేదు. అయితే ఆ లెక్క ఎలా చేయాలో పిల్లలకు చేసి చూపించే పద్ధతి అప్పటికి రాలేదు.

ఈలోగా వేరేచోట వేరే పని నడుస్తోంది. జర్మన్ సైకాలజిస్టు కార్ల్ డుంకర్ చిక్కు సమస్యలిచ్చి, మనసులో తోచింది తోచినట్టు పైకి చెప్పమనేవాడు. నెదర్లాండ్స్‌లో అడ్రియాన్ డి గ్రూట్ చదరంగం ఆటగాళ్ల ముందు ఒక ఆట మధ్యలోని స్థితిని పెట్టి, ఏ ఎత్తు వేస్తారో ఆలోచిస్తూ మాట్లాడమన్నాడు. అలా మాట్లాడిన వాళ్లలో ప్రపంచ ఛాంపియన్లు అలెఖిన్, యువే కూడా ఉన్నారు. 1946లో అది ఆయన డాక్టరేట్ గ్రంథమైంది. తర్వాత అమెరికాలో అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ ఇదే దారిలో మనుషుల మాటల్ని రికార్డు చేసి, వాటి ఆధారంగా కంప్యూటర్‌తో సమస్యలు సాధింపజేయాలని చూశారు.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. 1977లో అచ్చయిన వ్యాసంలో నిస్బెట్, విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం గురించి చెప్పారు. ఒక దుకాణంలో నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమన్నారు. నాలుగూ అచ్చంగా ఒకటే సరుకు. మిగతా ఏ జతకంటే కూడా కుడివైపు చివరనున్న జతనే ఎక్కువమంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత, పనితనం అంటూ కారణాలు చెప్పారు గానీ, అది ఏ పక్కన ఉందన్నది కారణమని ఎవరూ అనలేదు. మన బుర్రలో ఏం జరిగిందో మనం చెప్పేది చాలాసార్లు తర్వాత అల్లుకున్న కథేనన్నమాట.

దీనికి సైమన్, ఆండర్స్ ఎరిక్సన్ కలిసి 1980లో సమాధానమిచ్చారు, 1984లో పుస్తకమే రాశారు. మనసులో మెదులుతున్నది మెదులుతున్నట్టు అంటే నమ్మొచ్చు. "ఎందుకలా అనుకున్నావు, వివరించు" అని అడిగితే మాత్రం ఆలోచనే మారిపోతుంది అన్నారు. ఈ తేడా గుర్తుంచుకోండి. ల్యాబులో వద్దన్న ఆ వివరణే బడిలో అసలు పాఠం.

బడి దగ్గర ఈ అవసరాన్ని బయటపెట్టింది ఒక గడియారం లెక్క. ఇల్లినాయ్ యూనివర్సిటీలో డొలొరెస్ డర్కిన్ తరగతి గదుల్లో కూర్చుని, టీచర్లు చేసే ప్రతి పనీ నిమిషాల్లో రాసుకున్నారు. నాలుగో తరగతి రీడింగ్ పీరియడ్లు మొత్తం 4,469 నిమిషాలు చూస్తే, చదివింది ఎలా అర్థం చేసుకోవాలో నేర్పడానికి పోయింది అరగంట లోపే. నూటికి ఒక్క నిమిషం కూడా కాదు. 1978-79లో ఈ లెక్కలతో ఆమె వ్యాసం అచ్చయింది. మిగతా సమయంలో టీచర్లు ఖాళీగా ఏం లేరు. ప్రశ్నలడిగారు, వర్క్‌షీట్లు ఇచ్చారు, దిద్దారు. పిల్లలకు అర్థమైందా లేదా అని పరీక్షించడాన్నే నేర్పడం అనుకున్నారు. మన దగ్గర "పాఠం చదివి కింది ప్రశ్నలకు జవాబులు రాయండి" అనేదాన్ని ఒక్కసారి గుర్తు తెచ్చుకుంటే, డర్కిన్ ఇల్లినాయ్‌లో చూసింది మనకేమీ కొత్తగా అనిపించదు.

1983లో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి బెత్ డేవీది. టీచరే ఒక పేరా తీసుకుని, చదువుతూ మధ్యమధ్యలో ఆగి, తన తలలో నడిచేది పైకి చెప్పాలని ఆమె సూచించారు. ముందేం జరుగుతుందో ఊహించాలి, కళ్ల ముందు కదిలిన బొమ్మ చెప్పాలి, ఇది ఫలానా దానిలా ఉందే అని పోల్చాలి. అన్నిటికంటే ముఖ్యం, అర్థం కాని చోట "ఇక్కడ నాకు తికమకగా ఉంది" అని ఒప్పుకుని, వెనక్కి వెళ్లి మళ్లీ చదివి ఆ చిక్కు విప్పుకోవాలి. విచిత్రమేంటంటే ఆ వ్యాసం వచ్చింది పెద్ద క్లాసుల టీచర్లు చదివే పత్రికలో. చిన్న తరగతులకు తర్వాత పాకింది.

రెండోది డేవిడ్ పియర్సన్, మార్గరెట్ గాలగర్‌ల వ్యాసం. ముందు టీచరు చేసి చూపించాలి, తర్వాత కలిసి చేయాలి, చివరికి బరువంతా పిల్లల మీదికి మారాలి అన్నారు. వడ్రంగి పక్కన కూర్చున్న కుర్రాడు నేర్చుకునేదీ అలాగే. తేడా ఒక్కటే. ఉలి ఎటు కదిలిందో కుర్రాడికి కనపడుతుంది, చదివేవాడి ఆలోచన కనపడదు. మరుసటేడు పలింక్‌సర్, యాన్ బ్రౌన్ ఇంకో అడుగు వేసి, పిల్లలనే వంతులవారీగా టీచరు స్థానంలో కూర్చోబెట్టారు. చదివింది క్లుప్తంగా చెప్పడం, ప్రశ్న వేయడం, అర్థం కానిది తేల్చుకోవడం, ముందు జరిగేది ఊహించడం వాళ్ల పనే.

మరి ఇది పనిచేసిందా? 1992లో జేమ్స్ బావ్‌మన్, మరో ఇద్దరు కలిసి నాలుగో తరగతి పిల్లలు 66 మందిని మూడు గుంపులు చేసి చూశారు. థింక్ అలౌడ్ నేర్చుకున్నవాళ్లు, చదువుతూ ఊహించి సరిచూసుకునే పద్ధతి నేర్చుకున్నవాళ్లు, ఈ రెండు గుంపులూ మామూలు పాఠం విన్న గుంపు కంటే మెరుగే. కానీ కొన్ని కొలతల్లో రెండో పద్ధతిదే పైచేయి. విడిగా మాట్లాడించినప్పుడు మాత్రం, తాము చదివేటప్పుడు ఏం చేస్తున్నామో లోతుగా చెప్పగలిగింది థింక్ అలౌడ్ పిల్లలే. అంటే ఇదేమీ మంత్రదండం కాదు. మొదటినుంచీ కాదు.

2000లో అమెరికా ప్రభుత్వం వేసిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక, 2002లో నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం వచ్చాక, ఊహించడం, పోల్చడం లాంటి అర్థగ్రహణ వ్యూహాలు అమెరికా బడుల్లో రోజువారీ పాఠంలోకి వచ్చాయి. పద్ధతి చెడిందీ అక్కడే అని నా అనుమానం. "ఈ వారం ఊహించడం, వచ్చే వారం పోల్చడం" అంటూ పట్టికలు తయారయ్యాయి. టీచరు ముందే అన్నీ తెలిసి, తెలియనట్టు "అబ్బా, ఇక్కడ ఏమైందో!" అని నటించడం మొదలైంది. పిల్లలు నటన పసిగట్టడంలో ఘనులు.

వ్యూహాలకే ఇంత సమయం ఎందుకని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. వాటిని కొద్ది పాఠాల్లో నేర్పితే చాలు, నెలల తరబడి సాధన చేయించినంత మాత్రాన అదనపు లాభం ఉండదని సైకాలజిస్టు డేనియల్ విల్లింగ్‌హామ్ వాదించాడు. ఈ వాదం పక్కన 1988 నాటి ఒక ప్రయోగాన్ని తరచూ చూపిస్తారు. బేస్‌బాల్ గురించి బాగా తెలిసిన "వెనకబడిన" పిల్లలు, ఆట తెలియని "చురుకైన" పిల్లల కంటే ఒక బేస్‌బాల్ కథనాన్ని బాగా అర్థం చేసుకున్నారు. విషయం తెలియకపోతే వ్యూహం గాలిని మూట కట్టడమే.

మన వైపుకి వస్తే, తెలుగు లిపితో ఒక సుఖం, దాని వెంటే ఒక మోసం ఉన్నాయి. గుణింతాలు, వత్తులు వచ్చేస్తే ఏ పేజీనైనా పైకి చదివేయొచ్చు. ఆ గడగడ విని పిల్లకు పాఠం వచ్చేసిందని మనం అనుకుంటాం. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2005 నుంచి వస్తోంది, అందులో కూడా ప్రధానంగా చూసేది పైకి చదవగలరా లేదా అన్నదే. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు, అదీ అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. నిమిషానికి పదాలు లెక్కపెట్టడానికి ఫోన్ చాలు. "అర్థం చేసుకుంటూ" అన్నదాన్ని ఎలా లెక్కపెడతాం? అందుకే తనిఖీల టెన్షన్‌లో మొదట జారిపోయేది అదే. పాఠం చివర "అవగాహన - ప్రతిస్పందన" అని శీర్షిక ఉంటుంది, గైడులో దాని జవాబులూ ఉంటాయి.

నేను ఒకసారి ఆ వాన వాక్యాల్ని తరగతిలో ఇలా చదివాను: "వాన వెలిసింది. వెలిసింది అంటే... దేవుడు వెలిశాడు అంటాం కదా, అలా వచ్చిందేమో. సరే, చూద్దాం. రాము గొడుగు ముడిచి... ఆగండాగండి. వాన వస్తుంటే గొడుగు ఎందుకు ముడుస్తాడు? నేను అనుకున్నది తప్పేమో. మళ్లీ చదువుతా. వాన ఆగింది, గొడుగు ముడిచాడు. ఆఁ, ఇప్పుడు కుదిరింది. మరి తాత చెప్పులెందుకు చూశాడు? చెప్పులుంటే తాత ఇంట్లో ఉన్నట్టు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూడో వరసలోంచి ఒకడు లేచాడు. "టీచర్, మా అమ్మ నా చొక్కా రంగు వెలిసింది అంటుంది. అది వచ్చినట్టా, ఆగినట్టా?"

నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. బోర్డు వైపు తిరిగి, వాడి వాక్యం రాసి, ఈసారి నిజంగానే పైకి ఆలోచించడం మొదలుపెట్టాను.