లువాంగో రిటైరైతే వాంకూవర్‌కు జరిమానా ఎందుకు పడింది?

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో సుదీర్ఘ ఒప్పందాల తగవు మళ్లీ రాజుకుంది. నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్), ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న కొత్త కార్మిక ఒప్పందం 2026 సెప్టెంబరులో మొదలవుతుంది. దాని ప్రకారం ఆటగాడు సొంత జట్టుతో ఏడేళ్లకు, బయటి జట్టుతో ఆరేళ్లకు మించి సంతకం చేయడానికి వీల్లేదు. అంతకుముందు ఈ గడువులు ఎనిమిది, ఏడేళ్లుగా ఉండేవి. మరోవైపు, 2022 ఏప్రిల్ తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఆడని గోల్‌కీపర్ కేరీ ప్రైస్ ఒప్పందాన్ని మాంట్రియల్ జట్టు 2025 సెప్టెంబరులో శాన్ హోసేకు బదలాయించి చేతులు దులుపుకుంది. ప్రైస్ అప్పటికీ కాగితం మీద రిటైర్ కాలేదు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ వాంకూవర్ కనక్స్ అభిమానులు తమ మాజీ గోల్‌కీపర్ రాబర్టో లువాంగో పేరు ఎత్తుతారు. 2019లో ఆయన దాపరికం లేకుండా రిటైరయ్యాడు. ఆ మాటకు మూడు సీజన్లపాటు మూల్యం చెల్లించింది మాత్రం ఐదేళ్ల ముందే ఆయనను వదులుకున్న వాంకూవర్.

లువాంగో ఆటతీరు, 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కెనడాకు దక్కిన స్వర్ణం, కెప్టెన్‌గా ఆయన రెండు సీజన్లు తెలిసినవే. తగవుకు సంబంధించినది ఆయన 2009 సెప్టెంబరు 2న చేసిన సంతకం. పన్నెండేళ్లకు 6.4 కోట్ల డాలర్లు. మొదటి ఏడాది కోటి డాలర్లు, ఆ తర్వాత ఏడేళ్లు ఏటా 67.14 లక్షలు, తొమ్మిదో ఏట 33.82 లక్షలు, పదో ఏట 16.18 లక్షలు, చివరి రెండేళ్లు పదేసి లక్షలు. ఒప్పందం ముగిసేనాటికి ఆయనకు 43 ఏళ్లు నిండుతాయి.

జీతం ఇలా ముందు కొండంత, చివర గోరంత ఎందుకన్నది తెలియాలంటే అక్కడి జీతాల పరిమితి ఎలా పనిచేస్తుందో చూడాలి. ఐపీఎల్‌లో ఒక ఆటగాడికి ఆ ఏడాది ఎంత ఇస్తే జట్టు పర్సులోంచి అంతే తరుగుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో మాత్రం ఏ ఏడాది ఎంత చెల్లించినా, మొత్తం సొమ్మును ఏళ్లతో భాగించగా వచ్చే సగటునే పరిమితి లెక్కలో రాస్తారు. లువాంగో సగటు 53.3 లక్షలు. అంటే 2010-11లో ఆయన చేతికి కోటి డాలర్లు అందినా, జట్టు లెక్కలో పడింది అందులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. మిగిలిన చోటులో ఇతర ఆటగాళ్లు ఇమిడారు. చివరి ఏళ్ల చిన్న జీతాలు సగటును తగ్గించడానికి జోడించినవేనని, నలభై దాటాక ఆయన ఆడతాడని ఎవరూ నమ్మలేదని లీగ్ ఆనాడే అనుమానించింది. ఆ అనుమానం నిరాధారమైనదేమీ కాదు.

అయితే ఈ ఎత్తు వాంకూవర్ ఒక్కటే వేయలేదు. అదే 2009లో షికాగో మారియన్ హోసాతో, డెట్రాయిట్ హెన్రిక్ జెటర్‌బర్గ్‌తో పన్నెండేసి ఏళ్ల ఒప్పందాలు చేసుకున్నాయి. లీగ్ వాటిని నమోదు చేసింది, లువాంగోదీ నమోదు చేసింది. కట్టుతెంచుకున్నది 2010 జులైలో, న్యూజెర్సీ డెవిల్స్ ఇల్యా కోవల్‌చుక్‌కు 17 ఏళ్లకు 10.2 కోట్ల డాలర్లు రాసిచ్చినప్పుడు. లీగ్ దాన్ని తిరస్కరించింది, మధ్యవర్తి రిచర్డ్ బ్లాక్ ఆగస్టులో లీగ్ పక్షాన తీర్పు ఇచ్చాడు. సెప్టెంబరులో 15 ఏళ్లకు తగ్గించిన మరో ఒప్పందానికి ఆమోదం లభించింది. ఆ సర్దుబాటులో భాగంగానే లువాంగో, హోసా ఒప్పందాలపై సాగుతున్న విచారణను లీగ్ మూసివేసి, వాటిని యథాతథంగా ఉండనిచ్చింది. ఇక్కడితో ఆ వ్యవహారం ముగిసిందని వాంకూవర్ భావించడంలో తప్పు కనిపించదు.

తిరగబడింది 2013 జనవరిలో. 2012 సెప్టెంబరు నుంచి యజమానులు ఆటను ఆపేసిన లాకౌట్ ముగింపులో కుదిరిన కార్మిక ఒప్పందం కొత్త ఒప్పందాలకు గడువు పెట్టి ఊరుకోలేదు, పాతవాటి మీదికీ వెళ్లింది. ఆరేళ్లకు మించిన పాత ఒప్పందం ఉన్న ఆటగాడు గడువుకు ముందే రిటైరైతే, అతనికి అప్పటిదాకా చెల్లించిన జీతానికీ లెక్కలో రాసిన సగటుకూ ఉన్న తేడాను జట్టు నుంచి తిరిగి రాబట్టి, మిగిలిన సీజన్ల పరిమితిలోంచి కోసేస్తారు. ఆటగాడు మధ్యలో జట్టు మారితే, తేడా ఎవరి హయాంలో ఏర్పడిందో వారి ఖాతాలోనే పడుతుంది. మూడేళ్ల కిందట తాను నమోదు చేసిన, రెండేళ్ల కిందట విచారణ మూసేసిన ఒప్పందాన్ని, సంతకం నాటికి పుట్టని నిబంధనతో లీగ్ కొలిచింది. తర్వాత జరిగిన ప్రతి మలుపుకూ మూలం ఇదే.

నిబంధన వచ్చిన సమయం వాంకూవర్‌కు మరీ చేటు చేసింది. 2010-11లో ఆ జట్టు 54 విజయాలతో, 117 పాయింట్లతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచింది. అతి తక్కువ గోల్స్ ఇచ్చినందుకు లువాంగో, కోరీ ష్నైడర్ జెన్నింగ్స్ ట్రోఫీని పంచుకున్నారు. లీగ్ టైటిల్‌ను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్‌లో లువాంగో బోస్టన్ మీద రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా గెలిపించి, మరో రెండింటిలో మధ్యలోనే బెంచీకి వెళ్లాడు. జూన్ 15న సొంత గడ్డపై ఏడో మ్యాచ్ 0-4తో పోయింది, ఆ రాత్రి నగరంలో అల్లర్లు చెలరేగాయి. మరుసటి ఏడాదీ జట్టు అగ్రస్థానంలో నిలిచినా, లాస్ ఏంజెలిస్ చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది, ఆ సిరీస్ మధ్యలో గోల్ బాధ్యత ష్నైడర్‌కు వెళ్లింది. ఇద్దరు అగ్రశ్రేణి గోల్‌కీపర్లలో ఒకరిని అమ్మక తప్పదు, అమ్మవలసింది లువాంగోనే అని అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు ఆ ఒప్పందం మార్కెట్‌లో చెల్లని సరుకైంది. ఆయనను కొనే జట్టు రేపు తన ఖాతాలోనూ జరిమానా పడుతుందేమోనని లెక్కలు వేసుకోవాలి. 2013 ఏప్రిల్‌లో బదిలీల గడువు రోజు గడిచిపోయాక లువాంగో విలేకరుల ముందుకు వచ్చి, అడ్డంకి తన ఒప్పందమేనని, వీలైతే దాన్ని అప్పటికప్పుడే చించేస్తానని అన్నాడు. చివరికి జూన్ 30న జట్టు అమ్మింది చిన్నవాడైన ష్నైడర్‌ను, అదీ న్యూజెర్సీకి, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఎంపిక కోసం. మరో పదకొండు రోజులకు అదే న్యూజెర్సీలో కోవల్‌చుక్ పన్నెండేళ్ల ఒప్పందం మిగిలి ఉండగానే రిటైరయ్యాడు. మొత్తం రగడకు కారణమైన ఆ ఒప్పందం వల్ల డెవిల్స్ లెక్కలో పడింది ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు. అప్పటిదాకా అతనికిచ్చిన జీతం సగటును పెద్దగా దాటలేదు మరి.

వాంకూవర్‌కు తప్పించుకునే దారి లేకపోలేదు. 2013, 2014 వేసవుల్లో ప్రతి జట్టూ ఇద్దరు ఆటగాళ్లను పరిమితి లెక్కతో సంబంధం లేకుండా వదిలించుకునే అవకాశం ఉండింది. లువాంగో విషయంలో 2013లో అలా చేస్తే మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 2.7 కోట్ల డాలర్లు, 18 ఏళ్లపాటు యజమాని జేబులోంచి పోయేవి. కనక్స్ ఆ రెండు అవకాశాలనూ కీత్ బాలార్డ్, డేవిడ్ బూత్ మీద వాడుకుంది. ఆడగలిగిన మేటి గోల్‌కీపర్‌ను డబ్బిచ్చి మరీ ఉచితంగా పంపించి ఉండవలసిందని ఇప్పుడు చెప్పడం సులువే.

2014 మార్చి 2న వాంకూవర్‌లోని బీసీ ప్లేస్ స్టేడియంలో జరిగిన హెరిటేజ్ క్లాసిక్ మ్యాచ్‌లో కోచ్ జాన్ టోర్టరెల్లా లువాంగోను కూర్చోబెట్టి మరో గోల్‌కీపర్ ఎడ్డీ లాక్‌ను ఆడించాడు. రెండు రోజులకే లువాంగో తన పాత జట్టు ఫ్లోరిడా పాంథర్స్‌కు చేరాడు. బదులుగా వచ్చినవారిలో గోల్‌కీపర్ జేకబ్ మార్క్‌స్ట్రామ్ ఒకడు. జీతంలో 15 శాతం భారం వాంకూవర్ తనమీదే ఉంచుకుంది. ఏప్రిల్‌లో జనరల్ మేనేజర్ మైక్ గిల్లిస్ ఉద్యోగం పోయింది.

ఇక 2019 జూన్ 26. 2016లో తుంటికి శస్త్రచికిత్స జరిగిన లువాంగో, 1,044 మ్యాచ్‌లు, 489 విజయాల తర్వాత ఆట విరమిస్తున్నట్టు ప్రకటించాడు. విజయాల్లో అప్పటికి ఆయన కంటే ముందున్నది మార్టిన్ బ్రోడర్, పాట్రిక్ రువా మాత్రమే. ఆయనకు మరో మార్గం లేదా అంటే, ఉంది. తుంటి బాగాలేదని దీర్ఘకాల గాయాల జాబితాలో చేరి మిగిలిన మూడేళ్లూ జీతం తీసుకుంటూ ఉంటే ఎవరికీ జరిమానా పడేది కాదు. హోసా చర్మవ్యాధితో 2017లో ఆట ఆపేసినా ఒప్పందం ముగిసేదాకా రిటైర్మెంట్ కాగితం ఇవ్వలేదు. జెటర్‌బర్గ్ వెన్నునొప్పితో 2018లో అదే చేశాడు. వారి గాయాలు నిజమైనవే. లువాంగో తుంటి కూడా నిజమైనదే. ఆయన మాత్రం 36.18 లక్షల డాలర్లు వదులుకుని వెళ్లిపోయాడు.

దాని ఫలితంగా 2019-20 నుంచి మూడు సీజన్లు వాంకూవర్ లెక్కలో ఏటా 30.35 లక్షల డాలర్లు, ఫ్లోరిడా లెక్కలో 10.94 లక్షలు పడ్డాయి. అప్పటి మొత్తం పరిమితి 8.15 కోట్లు కాబట్టి ఈ కోత చిన్నదిగా కనిపించవచ్చు. కాని కోవిడ్ వల్ల 2020లో పరిమితి పెరగకుండా ఆగిపోయింది, ఆ శరదృతువులోనే చోటు లేక వాంకూవర్ మార్క్‌స్ట్రామ్‌ను, క్రిస్ టానెవ్‌ను కాల్గరీకి, టైలర్ టొఫోలీని మాంట్రియల్‌కు పోగొట్టుకుంది. లువాంగోకు బదులుగా వచ్చినవాడు పోవడానికి లువాంగో ఒప్పందపు జరిమానా కూడా ఒక కారణమైంది. లోయీ ఎరిక్సన్‌కు ఆరేళ్లకు 3.6 కోట్లు కట్టబెట్టిన జట్టు తన సొంత తప్పిదాలకు కూడా ఇందులో వాటా ఇచ్చుకోవాలి. 2020 కోవిడ్ బబుల్‌లో రెండో రౌండ్ ఏడో మ్యాచ్‌దాకా పోరాడిన ఆ జట్టు మరుసటి సీజన్‌లో తన డివిజన్‌లో అట్టడుగున నిలిచింది.

లీగ్ వాదన ఇది: సగటును కృత్రిమంగా తగ్గించుకున్న జట్లు, నిజాయితీగా లెక్క రాసిన జట్ల కంటే అదనపు బలం పొందాయి, ఆ లాభాన్ని వెనక్కి తీసుకోవడం న్యాయమే. కనక్స్ ఫైనల్‌కు చేరిన ఏడాదే ఆ లాభం అత్యధికంగా ఉండటం ఈ వాదనకు బలమిస్తుంది. కాని లాభం పొందిన అందరి నుంచీ అది వెనక్కి రాలేదు. గాయాల జాబితా ఆసరా దొరికినవారి జట్ల నుంచి పైసా రాలేదు. ఇదేమీ లీగ్‌కు తెలియని సంగతి కాదు. గాయంతో ఆట ఆపేసిన క్రిస్ ప్రాంగర్ 2014లో లీగ్ క్రమశిక్షణ విభాగంలో ఉద్యోగిగా చేరి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లేనాటికీ అరిజోనా జట్టు ఆటగాడిగానే నమోదై ఉన్నాడు.

2020 జులైలో నిబంధనను సవరించారు. మరో ఆటగాడు షే వెబర్ తన 14 ఏళ్ల ఒప్పందంలో ఒక్క ఏడాది మిగిలి ఉండగా రిటైరైతే అతని పాత జట్టు నాష్‌విల్‌కు ఒకే సీజన్‌లో దాదాపు 2.46 కోట్ల డాలర్ల కోత పడే ప్రమాదం ఉండేది. అందుకని ఏ సీజన్‌లోనైనా కోత ఆటగాడి సగటు జీతాన్ని మించకూడదని రాసుకున్నారు. అప్పటికే మొదటి వాయిదా కట్టేసిన వాంకూవర్‌కు దీనివల్ల ఒరిగిందేమీ లేదు, దాని కోత ఆ సగటు కంటే తక్కువే కాబట్టి. వెబర్ 2021 తర్వాత ఆడలేదు. ఆయన ఒప్పందం 2022లో వేగస్‌కు, 2023లో అరిజోనాకు చేతులు మారింది. 2024 నవంబరులో ఆయన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరేనాటికి అందులో ఇంకా రెండు సీజన్లు మిగిలే ఉన్నాయి.

కొత్త కార్మిక ఒప్పందం గడువులను మరో ఏడాది తగ్గించింది. గాయాల జాబితాతో సీజన్‌లో తెచ్చుకునే అదనపు చోటుకు కళ్లెం వేసింది, ప్లేఆఫ్స్‌లో బరిలోకి దిగే జట్టు జీతాలనూ పరిమితిలోకి తెచ్చింది. ఇక ఆడలేని ఆటగాడు రిటైర్మెంట్ ప్రకటించకుండా ఒప్పందం చివరిదాకా ఆ జాబితాలోనే ఉండిపోయే వెసులుబాటును మాత్రం ముట్టుకోలేదు.