మామ్మ పట్టుచీర ఎందుకు చిరిగింది?

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవులు శ్రావ్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు మీరు వచ్చినప్పుడు మామ్మ తన పెళ్ళినాటి ధర్మవరం చీరను బీరువాలోంచి తీసి శ్రావ్య భుజం మీద వేసింది. పూర్తిగా విప్పకముందే అది మడత పొడవునా చిరిగిపోయింది. మామ్మ ఏమీ అనలేదు గానీ, కార్తీక్ నావైపు తిరిగి, "పట్టు ఉక్కు కంటే గట్టిదని మా టీచరు చెప్పారు తాతయ్యా, మరి ఇదేమిటి?" అని అడిగాడు. ఉక్కు కర్మాగారం పరీక్షశాలలో కడ్డీలను యంత్రానికి బిగించి తెగేదాకా లాగడమే ఉద్యోగంగా గడిపినవాణ్ణి ఆ ప్రశ్న అడిగితే ఒక్క మాటలో తేల్చడం కుదరదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ పోలికను కాస్త సరిచేయాలి. ఉక్కును మించిందని చెప్పుకొనే పట్టు ప్రధానంగా సాలీడు వేలాడడానికి వదిలే దారం. చీరలు నేసే పట్టుపురుగు దారానికి ఆ మాట యథాతథంగా వర్తించదు. ఇళ్ళ స్లాబుల్లో వేసే ఎఫ్‌ఈ 500 రకం కడ్డీ, శాశ్వతంగా సాగిపోకుండా, చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల లాగుడును తట్టుకోవాలని ప్రమాణం. పట్టుపురుగు దారం తెగే బలం కూడా కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది, కాబట్టి మందానికి మందం లెక్కన అది మామూలు కడ్డీకి సమ ఉజ్జీ మాత్రమే. వంతెనల్లో వాడే గట్టి ఉక్కు తీగ దీనికి మూడింతల బలమున్నది. అయితే బరువుకు బరువు చూస్తే లెక్క తిరగబడుతుంది. ఉక్కు నీటికంటే దాదాపు 8 రెట్లు బరువు, పట్టు 1.3 రెట్లకు కాస్త ఎక్కువ. పైగా పట్టుపోగు తెగేముందు తన పొడవులో నూటికి 15 నుంచి 20 పాళ్ళు సాగుతుంది. ఇంత బలమూ ఇంత సాగుడూ ఒకే వస్తువులో కలిసి దొరకడం అరుదని మా పరీక్షశాలలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు, ఎందుకంటే ఉక్కు విషయంలో ఒకటి పెంచబోతే సాధారణంగా రెండోది తగ్గుతుంది.

ఇక ఆ బలం ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. పట్టుగూటి పోగు కంటికి ఒక్కటిగా కనిపించినా నిజానికి అది జంట పోగు. పురుగు ఒంట్లో రెండు పట్టు గ్రంథులుంటాయి. రెండింటినుంచి వచ్చే ఫైబ్రోయిన్ అనే ప్రోటీను పోగులు తలలో ఒకచోట చేరి, సెరిసిన్ అనే జిగురు పూతతో అంటుకొని, కింది పెదవి దగ్గరున్న సన్నని రంధ్రంలోంచి బయటికి వస్తాయి. జిగురు బరువు మొత్తంలో దాదాపు నాలుగో వంతు. బలమంతా లోపలి ఫైబ్రోయిన్‌దే.

ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలనే చిన్న అణువులు వరసగా కూర్చిన గొలుసు. ఫైబ్రోయిన్ గొలుసులో ప్రతి 100 అమైనో ఆమ్లాలలో సుమారు 45 గ్లైసిన్‌లు, 30 అలనిన్‌లు, 12 సెరిన్‌లు ఉంటాయి. మూడూ చిన్నవే, గ్లైసిన్ అయితే అన్నింటికంటే చిన్నది. గొలుసు పక్కలకు లావుపాటి కొమ్మలు పొడుచుకొని రావు గనుక ఒక గొలుసు పక్కన మరొకటి ఇరుకుగా సర్దుకోగలదు. అవి సర్దుకొనే తీరు మామ్మ కుచ్చిళ్ళు పెట్టుకొన్నట్టే ఉంటుంది: ప్రతి గొలుసూ పైకీ కిందికీ మడతలు పడుతూ సాగుతుంది, పక్క గొలుసు మడతలు దానికి సరిగ్గా జతపడతాయి, రెంటినీ హైడ్రోజన్ బంధాలనే చిన్న చిన్న ఆకర్షణలు పట్టి ఉంచుతాయి. అలాంటి పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకొంటే చిన్న స్ఫటికం అవుతుంది. మార్ష్, కోరీ, పాలింగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎక్స్‌ కిరణాల సాయంతో ఈ అమరికను 1955లో వివరించారు.

హైడ్రోజన్ బంధం ఒక్కొక్కటిగా చూస్తే చాలా బలహీనమైనది. మరి స్ఫటికం ఎందుకంత గట్టిగా ఉంటుంది? స్ఫటికం చిన్నది కావడం వల్లనే. 2010లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటరు మీద లెక్కగట్టి చూపిందేమిటంటే, స్ఫటికం కొద్ది నానోమీటర్లకు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) మించకపోతే అందులోని బంధాలన్నీ లాగుడును ఒక్కసారిగా పంచుకొంటాయి, పెద్దదైతే భారం ఒక చివరనే పడి బంధాలు వరసగా ఊడిపోతాయి. పెద్ద స్టిక్కరును ఒక మూల పట్టుకొని లాగితే మొత్తం లేచి వచ్చేస్తుంది చూడండి, అలా. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లోహంలో రేణువు సన్నగా ఉంటే మంచిదని వింటూ వచ్చినవాణ్ణి. పురుగు కడుపులోనూ ఆ సూత్రమే పనిచేస్తోందని చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వపడ్డాను, నాదేదో గొప్పయినట్టు!

పోగంతా స్ఫటికమే అయితే అది గాజులా పుటుక్కున విరిగేది. స్ఫటికాల నడుమ అదే గొలుసు క్రమం లేకుండా, వదులుగా చుట్టుకొని ఉంటుంది. లాగినప్పుడు ముందుగా సాగేది ఆ వదులు భాగమే. ఆ లాగుడు మోస్తూ అది నిటారు అవుతుంటే స్ఫటికాలు దారంలో ముడుల్లాగా నిలబడి గొలుసులు ఒకదానిమీద ఒకటి జారిపోకుండా ఆపుతాయి. కర్మాగారంలో టీఎంటీ కడ్డీని ఎర్రగా ఉండగానే నీటి జల్లులోంచి పంపిస్తారు, దానితో పైపొర గట్టిపడుతుంది, లోపలి గుండె మెత్తగా మిగులుతుంది. గట్టిదీ మెత్తదీ కలిపి పనిచేయించడం అక్కడా ఉంది. ఎటొచ్చీ, మేము ఆ పనికి కొలిమిని వెయ్యి డిగ్రీలు దాటించేవాళ్ళం, పురుగు మల్బరీ ఆకు తిని మామూలు గాలిలోనే చేస్తుంది.

ఎలా చేస్తుందంటే, గ్రంథిలో ఫైబ్రోయిన్ చిక్కని ద్రవంగా ఉంటుంది. అది సన్నబడుతూ పోయే గొట్టంలోంచి సాగుతున్నకొద్దీ నీరు తగ్గుతుంది, ఆమ్లత్వం పెరుగుతుంది, గొలుసులు ఒకే దిక్కుకు తిరుగుతాయి. కొసను గూటికి అంటించి పురుగు తల వెనక్కి లాగినప్పుడు ఆ లాగుడుకే ద్రవం గట్టి పోగైపోతుంది. అందువల్ల ఎంత వేగంగా లాగితే ఎలాంటి పోగు వస్తుందన్నది కీలకమైన విషయం. పురుగు 8 అంకె వేసినట్టు తల ఊపుతూ రెండు మూడు రోజులు గూడు అల్లుతుంది. తల మలుపు తిరిగే ప్రతిచోటా వేగం మారుతుంది, పోగు తీరూ మారుతుంది. 2002లో షావో, వోల్‌రాత్ అనే పరిశోధకులు పురుగును కదలనీయకుండా పట్టి, పోగును తామే ఒకే వేగంతో లాగి చూశారు. వేగం పెంచితే పోగు బలంగా, తక్కువ సాగేదిగా వచ్చింది. తగ్గిస్తే బలం తగ్గి సాగుడు పెరిగింది. బాగా లాగిన పోగు సాలీటి దారానికి దగ్గరగా వెళ్ళింది. అదే పురుగు, అదే ఫైబ్రోయిన్, తేడా అంతా లాగిన తీరులోనే.

నాణ్యత సంగతికొస్తే, హిందూపురం వైపు వెళ్ళినప్పుడు గూళ్ళనుంచి దారం తీసే ఒక రీలింగ్ షెడ్డులో చూసింది చెబుతాను. వేడినీటి తొట్టిలో గూళ్ళు తేలుతున్నాయి. ఒకావిడ చిన్న చీపురు లాంటిదాన్ని వాటిమీద తిప్పి కొసలు పట్టుకొంది, ఏడెనిమిది కొసలు కలిపి ఒకే దారంగా చక్రానికి ఎక్కించింది. వేడికి జిగురు మెత్తబడి ఒక్కో గూడు నీళ్ళలో బొంగరంలా గిర్రున తిరుగుతూ విప్పుకొంటోంది. కాసేపటికి పొర పలచబడి లోపలి పురుగు నల్లని నీడలా కనిపించింది. మంచి గూడులో పోగు వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది, కానీ లోపలికి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. ఆవిడ అది చూపుతోనే పసిగట్టి, దారం పలచబడక ముందే కొత్త గూటి కొసను చటుక్కున అందించేది. ఒక్క క్షణం ఆలస్యమైతే అక్కడ దారం సన్నమై, మగ్గం మీద పడుగు తెగేది సరిగ్గా అక్కడే. దారాన్ని నల్లని పలక మీద చుట్టి సమంగా ఉందా, ముడులున్నాయా అని పరీక్షించడం అందుకే. నేను కడ్డీలను పరీక్షించినా అంతే, తెగేది ఎప్పుడూ అన్నింటికంటే బలహీనమైన చోటనే.

లోపలి పురుగు రెక్కల పురుగుగా మారి గూడు చీల్చుకొని బయటికి వస్తే పోగు ముక్కలై, దూదిలా వడకాల్సి వస్తుంది, నిగనిగ తగ్గుతుంది. మల్బరీ పట్టు మెరుపుకు కారణం జంటలోని ఒక్కో పోగు అడ్డుకోత మూలలు అరిగిన త్రిభుజంలా ఉండడం. ఆ చదును ముఖాలు వెలుతురును తిప్పికొడతాయి. తెలంగాణలో మహాదేవపూర్, చెన్నూరు వైపు మద్ది చెట్లమీద పెంచే దసలి పట్టు పోగు చదునుగా రిబ్బనులా ఉంటుంది, అందులో అలనిన్ పాలు ఎక్కువ, మెరుపు తక్కువ, సాగుడు ఎక్కువ. నాకైతే ఆ మసక బంగారు రంగే ఇష్టం, మామ్మ ఒప్పుకోదు.

ఇప్పుడు చీర దగ్గరికి వస్తాను. నీరు స్ఫటికాల్లోకి చొరబడలేదు గానీ వదులు భాగంలోకి వెళ్ళి గొలుసుల పట్టు సడలిస్తుంది, అందుకే తడిసిన పట్టు బలం తగ్గుతుంది, పిండకూడదంటారు. ఎండ గొలుసులనే తెంపుతుంది. క్షారం కూడా అంతే. నేయడానికి ముందు జిగురు పోవడానికి సబ్బు, సోడా నీళ్ళలో ఉడికిస్తారు, కానీ కొలతగా, సమయం చూసుకొని. పెళ్ళయిన కొత్తలో మామ్మ పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ చీరమీద పడిన కూర మరక వదిలించాలని నేను బట్టల సోడా వేసిన వేణ్ణీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. జిగురు ఎప్పుడో పోయిన చీరలో సోడా తినడానికి మిగిలింది ఫైబ్రోయినే కదా. తెల్లారి మెరుపు తగ్గిందని గమనించాను, ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఈ సముద్రపు ఊరి తేమలో, ఒకే మడత మీద, జరీ ఒత్తుకొంటూ నలభై ఏళ్ళు బీరువాలో ఉంది. ఈ ఉత్తరం చదివాక మామ్మకు ఎలాగూ తెలిసిపోతుంది.

మిగిలిన పట్టుచీరలన్నీ నిన్న నేనే బయటికి తీసి, నీడలో ఆరనిచ్చి, మడతలు మార్చి పెట్టాను. ఈ కవరులో రెండు గూళ్ళు పంపుతున్నాను. పెద్దవాళ్ళెవరైనా దగ్గరుండగా ఒకదాన్ని బాగా వేడినీళ్ళలో కాసేపు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో పైన రుద్ది కొస దొరకబుచ్చుకోండి. పెన్సిలుకు చుడుతూ ఎంత పొడవు వచ్చిందో రాయండి. మెల్లగా లాగండి, ఆ ఒక్క పోగు తెగడానికి పది గ్రాముల బరువు చాలు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య