పసిఫిక్ దీవుల కళ: తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

మ్యూజియంలో పసిఫిక్ దీవుల వస్తువుల పరిరక్షణ నా వృత్తి. చెక్క బొమ్మలకు పట్టిన పురుగు, ఈకల మీద పేరుకున్న దుమ్ము, బెరడు బట్టల్లో చిట్లిన మడతలు, రోజూ వీటితోనే పని. సందర్శకుల ప్రశ్నల్లో, వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో, బాగా చదువుకున్నవాళ్ల మాటల్లో కూడా కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినబడతాయి. వాటిలో చాలావాటికి వేరు ఒక్కటే. ఐరోపా ఓడలు వచ్చినప్పుడు చూసిందీ, ఎంచుకున్నదీ, నిర్ణయించిందీ ఐరోపావాళ్లేనట, దీవులవాళ్లు ఊరికే నిలబడి ఉన్నారట. వస్తువుల్ని దగ్గర పెట్టుకుని చూసేవాళ్లెవరూ ఈ మాట అనలేరు.

అపోహ: తెల్లవాళ్ల సరుకు కలిసిందంటే ఆ వస్తువు "అసలుది" కాదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పాపువా న్యూ గినీలో న్యూ ఐర్లాండ్ అనే పొడవాటి దీవి ఉంది. దాని ఉత్తర ప్రాంతంలో చనిపోయినవారి కోసం చేసే పెద్ద కర్మకాండకు మలంగన్ అనే చెక్క శిల్పాలు చెక్కుతారు. చేపలు, పక్షులు, పాములు, మనిషి ముఖాలు ఒకదాన్నొకటి కరుచుకుని పెనవేసుకుని ఉంటాయి. కళ్లకు సముద్రపు నత్త గుల్ల మూతలు పొదుగుతారు. ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో మెరుస్తూ అవి నిజంగా మనల్నే చూస్తున్నట్టుంటాయి. 19వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన కొన్ని శిల్పాల మీద ఎరుపు, నలుపు, తెలుపులతో పాటు గాఢమైన నీలం కూడా కనిపిస్తుంది. ఆ రంగు రవ్వంత తీసి మైక్రోస్కోపు కింద పెడితే, నూరిన రాతిపొడిలో ఉండే పదునైన ముక్కలు కనబడవు. ఒకే తీరు సన్నటి గుండ్రటి రేణువులు కనబడతాయి. అది ఫ్యాక్టరీలో తయారైన అల్ట్రామెరైన్, అంటే వర్తకులు తెచ్చి అమ్మిన, బట్టలకు పెట్టే నీలం పొడి. మన ఇళ్లలో తెల్లబట్టలు ఆఖరున జాడించడానికి వాడే సరుకే.

దీన్ని చూసి "కల్తీ అయిపోయింది" అని పెదవి విరిచేవాళ్లున్నారు. నాకైతే అక్కడ ఒక శిల్పి కనబడతాడు. బట్టల కోసం వచ్చిన పొడిలో తనకు కావలసిన రంగు చూసి, దాన్ని తన సంప్రదాయంలో ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టినవాడు. న్యూజిలాండ్‌లో మావోరీ మూలవాసుల్లోని రోంగోవకాటా తెగ శిల్పి రహారుహి రుకుపో 1840లలో తన అన్నదమ్ముడి జ్ఞాపకార్థం టె హౌ కి తూరంగా అనే సభాగృహాన్ని చెక్కించాడు. వాడింది ఉక్కు ఉలులు. మావోరీ శిల్పకళకు తలమానికమని చెప్పుకునే వాటిలో అదొకటి. రాతి పనిముట్టు పోయి ఉక్కు పనిముట్టు వచ్చినంత మాత్రాన మావోరీ కళ కాకుండా పోలేదు.

మలంగన్ గురించి ఇంకో మాట. కర్మకాండ ముగిశాక ఆ శిల్పంతో పని అయిపోతుంది. దాన్ని అడవిలో కుళ్లనిచ్చేవాళ్లు, లేదా కాల్చేసేవాళ్లు, లేదా వచ్చిన విదేశీయులకు అమ్మేసేవాళ్లు. అసలు ఆస్తి ఆ ఆకృతి మీది హక్కు. కర్మలో చూసినవాళ్లు దాన్ని మనసులో నిలుపుకుంటారు, ఆ హక్కు పద్ధతి ప్రకారం చేతులు మారుతుంది. కాబట్టి "తమ వస్తువుల విలువ తెలియక అమ్ముకున్నారు" అనే మాటకు ఇక్కడ అర్థం లేదు. వదిలించుకోవలసినదాన్ని వదిలించుకుని డబ్బు కూడా తీసుకున్నారు. అలా వదిలేసినదాన్ని పురుగు పట్టకుండా కాపాడటం ఇప్పుడు నా పని! ఆ చిక్కును నేను ప్రతిసారీ ఆలోచిస్తూనే ఉంటాను.

అపోహ: దీవులవాళ్ల పూర్వీకులు గాలికి కొట్టుకుపోయి ఎలాగో అక్కడికి చేరారు.

లపిటా అనే ప్రాచీన కుండల్ని చేసిన జనం సుమారు 3,000 ఏళ్ల కిందటే ఆడవాళ్లతో, పిల్లలతో, పందులతో, కోళ్లతో, నాటుకోవడానికి దుంపలతో టోంగా, సమోవాల దాకా వెళ్లారు. న్యూ బ్రిటన్ దీవిలో తలసియా దగ్గర దొరికే నల్లటి గాజురాయి ఫిజీ దాకా ప్రయాణించింది. 1976లో మైక్రోనేషియాలోని సతవాల్ దీవికి చెందిన మౌ పియాయిలుగ్ దిక్సూచి కూడా లేకుండా, నక్షత్రాలూ అలలూ చూసుకుంటూ హోకులేయా అనే జంట పడవను హవాయి నుంచి తాహితికి నడిపించాడు. ఈ అపోహ గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అపోహ: బొమ్మలు గీసింది ఐరోపావాళ్లు, దీవులవాళ్లు గీయించుకున్నారు.

బ్రిటిష్ లైబ్రరీలో ఒక చిన్న నీటిరంగుల బొమ్మ ఉంది. కోటు, టోపీ పెట్టుకున్న ఒక ఆంగ్లేయుడు, ఎదురుగా ఒక మావోరీ మనిషి. ఆంగ్లేయుడి చేతిలో బట్ట ముక్క, మావోరీ చేతిలో దారానికి కట్టిన పెద్ద రొయ్యలాంటి లాబ్‌స్టర్. ఎవరి చేతిలోది వాళ్లు ఇంకా వదల్లేదు. ముందు నువ్వియ్యి అంటే ముందు నువ్వియ్యి అన్నట్టుంది. ఇద్దరూ ఒకే ఎత్తులో, ఎదురెదురుగా ఉన్నారు. గీసినవాడి పేరు తెలియక, అదే కట్టలోని మరో బొమ్మను బట్టి చాలాకాలం "ప్రధాన శోకధారి చిత్రకారుడు" అని పిలిచారు. ఆంగ్లేయుడే అయి ఉంటాడనుకున్నారు. ఆంగ్ల నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడలో వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ రాసిన పాత ఉత్తరం ఒకటి 1997లో బయటపడింది. గీసింది తుపాయా అని అందులో ఉంది.

తుపాయా రాయితేయా దీవికి చెందిన పూజారి, నావికుడు. 1769లో తాహితిలో కుక్ ఓడ ఎక్కాడు. అతను చెప్పగా తయారైన పటంలో 74 దీవులున్నాయి. న్యూజిలాండ్ తీరంలో ఓడ తరఫున మావోరీలతో మాట్లాడింది అతనే. 1770 డిసెంబరులో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, జబ్బుచేసి చనిపోయాడు. కుక్ మళ్లీ వచ్చినప్పుడు మావోరీలు అడిగింది తుపాయా ఏడీ అని.

అపోహ: ఈస్టర్ దీవివాళ్లు తలల విగ్రహాలు చెక్కే పిచ్చిలో చెట్లన్నీ నరికి నాశనమైపోయారు.

మొదట, అవి తలలు మాత్రమే కావు. క్వారీ వాలులో మట్టి పేరుకుని భుజాల దాకా పూడిపోయాయి, కింద మొండెం ఉంది. చెట్లు పోయిన మాట నిజమే. మనుషులు నరికారు, కాల్చారు, ఎలుకలు తాటిజాతి చెట్ల గింజలు తినేశాయి. కానీ జనాభా కుప్పకూలిన కథకు ఆధారం నిలవడం లేదు. 2024లో వెలువడిన ప్రాచీన జన్యువుల పరిశోధనలో 1600ల నాటి అలాంటి పతనం జాడే కనిపించలేదు. రాపా నుయి (ఈస్టర్ దీవికి అక్కడివాళ్ల పేరు) ప్రజల్ని నిజంగా దాదాపు తుడిచిపెట్టింది 1862లో పెరూ నుంచి వచ్చిన బానిస వర్తకుల దాడులు, ఆ తర్వాత అంటుకున్న మశూచి. 1877 నాటికి దీవిలో మిగిలింది 111 మంది. ఈ సంఖ్య చెప్పకుండా చెట్ల కథ చెప్పడం అన్యాయం.

అపోహ: అక్కడి కళంటే చెక్కడమే, అది మగవాళ్ల పని.

బెరడు బట్ట చూడండి. టోంగాలో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని కాగితపు మల్బరీ చెట్టు లోపలి బెరడును కొట్టి, అతికించి, గదికన్నా పెద్ద పటాలు చేస్తారు. ఫిజీలో దీన్ని మాసి అంటారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వెళ్లిన మనవాళ్లు దిగిన నేల అది. కుక్ ప్రయాణాల్లో సేకరించిన బెరడు బట్టల్ని 1787లో లండన్‌లో అలెగ్జాండర్ షా ముక్కలుగా కత్తిరించి, నమూనాల పుస్తకంగా కుట్టి అమ్మాడు. చేసిన ఆడవాళ్ల పేర్లు అందులో ఎక్కడా లేవు.

అపోహ: మ్యూజియంలో ఉన్నదంతా దోచుకున్నదే. లేదా, అంతా బహుమతే.

రెండూ వింటుంటాను. ఒక్కో వస్తువుదీ ఒక్కో చరిత్ర. 1821లో రురుతు దీవివాళ్లు క్రైస్తవం స్వీకరించి, తమ దేవత ఆఆను తామే రాయితేయాకు తీసుకెళ్లి మిషనరీల చేతికిచ్చారు. ఒళ్లంతా 30 చిన్న బొమ్మలు పాకే గంధపు చెక్క విగ్రహమది. 1868లో ఈస్టర్ దీవిలోని ఓరోంగోలో మట్టిలో సగం పూడి ఉన్న హోవా హకననాయియా అనే మోయిని, అంటే అక్కడి పెద్ద రాతి విగ్రహాన్ని, బ్రిటిష్ నౌక టోపాజ్ సిబ్బంది తవ్వి తీసుకుపోయారు. 2018లో రాపా నుయి ప్రతినిధులు లండన్ వెళ్లి దాన్ని తిరిగిమ్మని అడిగారు. అది ఇంకా అక్కడే ఉంది.

ఇక హవాయి రాజు కలానియోపుఉ. 1779 జనవరి 26న తన ఒంటి మీది ఈకల వస్త్రం తీసి కుక్ భుజాల మీద కప్పాడు, ఈకల శిరస్త్రాణం కూడా ఇచ్చాడు. నారతో అల్లిన వలకు ఎర్ర, పసుపు ఈకలు చిన్నచిన్న కట్టలుగా కట్టిన వస్త్రమది. మూడు వారాలు తిరక్కుండానే, పోయిన పడవ కోసం అదే రాజును బందీగా పట్టుకోబోయి కుక్ చచ్చిపోయాడు. ఆ వస్త్రం ఇంగ్లండు చేరి, 1912లో న్యూజిలాండ్ మ్యూజియానికి వెళ్లి, 2016లో దీర్ఘకాలపు అరువుగా హొనొలులు వచ్చింది. 2020లో శాశ్వతంగా ఇచ్చేశారు. అది ఇష్టపడి ఇచ్చిన కానుకే, దొంగసొత్తు కాదు. అయినా తిరిగి ఇచ్చారు. ఇవ్వడానికి దొంగతనం రుజువు కావాలని పట్టుబట్టే సంస్థలకు నేను చూపించే ఉదాహరణ ఇదే.