రాజుగారి ఇల్లు ఏమైపోయింది?

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

శని, ఆదివారాల్లో మీరంతా హంపి చూసి క్షేమంగా నెల్లూరు చేరారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ మాట పూర్తికాకముందే మీలో అందరికన్నా చిన్నది ఫోను లాక్కొని, "తాతయ్యా, దేవుళ్ళకు అన్ని గుళ్ళున్నాయి కదా, మరి రాజుగారి ఇల్లేది? మెట్లున్నాయి, అరుగుంది, పైన ఏమీ లేదు" అని అడిగింది. పక్కనున్న పెద్దవాడు "శత్రువులు పడగొట్టేశారు" అని తేల్చేశాడు. అది సగం జవాబే. విఠలాలయంలోనూ కృష్ణాలయంలోనూ విరిగిన శిల్పాలను మీరు చూశారు. అంటే దెబ్బలు గుళ్ళకూ తగిలాయి. అయినా అవి నిలిచాయి, రాజుగారి ఇల్లు నిలవలేదు. ఇది ఫోనులో చెప్పి ముగించే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

నా చిన్నతనంలో, ఉదయగిరి వైపు మెట్టలోని మా ఊళ్ళో, మా వీధి చివర ఒక పాడుబడిన మట్టిమిద్దె ఉండేది. ఒకప్పుడు కలిగినవాళ్ళ ఇల్లే. వాళ్ళు పట్నం పోయాక మిద్దె మీద చౌడు పోయించేవాళ్ళు లేక మొదట వాన కారింది, కారిన చోట దూలానికి చెదలు పట్టింది. చెదలు పట్టని దూలాలను దాయాదులు విప్పుకొని పోయారు. ద్వారబంధం ఎవరి కొట్టానికో చేరింది. నీడ పోయిన మట్టిగోడలు నాలుగు వానాకాలాల్లో కరిగి దిబ్బయ్యాయి. చివరకు ఎవరూ మోయలేనివి మాత్రం మిగిలాయి: వీధి అరుగు, గడపరాయి, పెరట్లో రోలు, నడిమింట్లో నాలుగు రాతి దిమ్మలు. ఒక్కొక్క దిమ్మ నడుమ నలుచదరంగా ఒక గుంట ఉండేది. కర్ర స్తంభం అడుగున చెక్కిన మొన ఆ గుంటలో కూర్చొనేదని మా ఊరి వడ్రంగి చెప్పేదాకా, అవి మా గోలీలాట కోసమే తొలిచారని మేము గట్టిగా నమ్మేవాళ్ళం. తేళ్ళుంటాయని మా అమ్మ ఎంత కేకలేసినా సాయంత్రమయ్యేసరికి మేము ఆ గుంటల దగ్గరే ఉండేవాళ్ళం.

ఇప్పుడు మీ నాన్న తీసిన ఫోటోల్లో మహానవమి దిబ్బకు దగ్గరగా ఉన్న సభామండపాన్ని చూడండి. రాతి నేల మీద పదేసి చొప్పున పది వరుసల్లో స్తంభాల గుర్తులు కనిపిస్తాయి. అవి మా మిద్దెలోని దిమ్మలే, కాకపోతే నాలుగుకు బదులు నూరు. వాటి మీద నిలిచినవి కర్ర స్తంభాలు. వాటిపైన కర్ర దూలాలు, ఇటుక, సున్నం. మెట్లూ అరుగూ రాతివి కనుక ఉన్నాయి. మహానవమి దిబ్బ కూడా అటువంటి అరుగే. దాని పైనున్న మండపం పోయింది, కింది అంచెల మీద ఏనుగులు, గుర్రాలు, ఆటకత్తెలు చెక్కిన రాళ్ళు మిగిలాయి. కృష్ణదేవరాయల కాలంలో, ఇంచుమించు 1520లో, విజయనగరానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, గోడలన్నీ ఏనుగు దంతంతో కప్పి, పైదూలాల దగ్గర దంతపు తామరలు చెక్కిన ఒక గదిని చూసి వర్ణించాడు. మా ఊరి మిద్దెలో దంతం లేదు గానీ ఎద్దుకొమ్ముతో చేసిన చిలక్కొయ్య ఒకటి ఉండేదట. పోలికను నేను అక్కడిదాకా కూడా లాగగలను.

1565 జనవరిలో దక్కను సుల్తానులతో జరిగిన రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరంవారు ఓడిపోయాక, రాజ్యం నడిపిన రామరాయల తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద ఎక్కించుకొని పెనుగొండ దారి పట్టాడు. రాజధాని అక్కడికి, తరువాత చంద్రగిరికి మారింది. వెనక హంపిని కొల్లగొట్టారు, తగలబెట్టారు. కర్రకు ఒక్క మంట చాలు. మంటకు దొరకని దాన్ని వాన చూసుకొంది, ఎందుకంటే ఏటేటా సున్నం కొట్టి దూలం మార్చే ఇంటివాళ్ళు అక్కడ లేరు. విరూపాక్షుడి గుడి మాత్రం పూజలతో నడుస్తూనే ఉంది. మీరు దండం పెట్టుకొని తీర్థం పుచ్చుకొన్నది అక్కడే.

మరి లోటస్ మహల్, ఏనుగుల సాల ఎలా నిలిచాయని పెద్దవాడు అడుగుతాడు. అడగాలి కూడా. ఆ పదకొండు గదుల సాలలో పైకప్పును మోసేది కర్ర దూలం కాదు. రాయీ సున్నమూ కలిపి కట్టిన కమానులూ గుమ్మటాలూ. సుల్తానుల రాజ్యాల్లోని ఆ పనితనాన్ని విజయనగరంవారు మెచ్చి తెచ్చుకొన్నారు. యుద్ధం చేసినవాళ్ళ దగ్గర కూడా నేర్చుకోవచ్చునన్నది నాకు అందులో నచ్చిన సంగతి.

మహానవమి దిబ్బ పరిసరాల్లో నేల మీద పడి ఉన్న పెద్ద రాతి తలుపును గమనించారా? ఒకే రాయి. అయినా దాని మీద చట్రం, అడ్డపట్టీలు, గడియ, అన్నీ కర్ర తలుపుకు ఉన్నట్టే చెక్కారు. రాతికి ఆ పట్టీలతో పనేమిటి? శిల్పి రోజూ చూసిన తలుపులు కర్రవి, అందుకని రాతిలో కూడా అదే తలుపు చేశాడు. పోయిన కర్ర ఇళ్ళన్నిటిలోకీ నాకు ఆ తలుపు సందులోంచి తొంగిచూసినట్టు ఉంటుంది. ఇంతకుమించి దాన్ని వివరించడం నాకు చేతకాదు.

ఇక మన జిల్లా సంగతి. కృష్ణదేవరాయలవారు ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి కోటను ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి 1515లో ప్రతిష్ఠించారు. మీరు చూసిన కృష్ణాలయం దానికోసం కట్టినదే. గర్భగుడి ఖాళీగా ఉందని ఆశ్చర్యపోయారు కదా. మన ఉదయగిరి నుంచి పోయిన ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

ఈసారి సెలవులకు రండి, ఉదయగిరి కొండ ఎక్కుదాం. పొద్దెక్కకముందే బయలుదేరాలి, నీళ్ళు ఎవరివి వారే మోసుకోవాలి, రాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు కొండ కిందే ఆగిపోవాలి. పైన ప్రతి పాడుగోడ దగ్గరా నేల వైపు చూడండి. నలుచదరపు గుంట కనిపిస్తే అందులోని మట్టిని వేళ్ళతో తీసి, ఎన్ని బెత్తెల వెడల్పుందో కొలిచి, ఎంత లావు కర్ర అందులో నిలిచి ఉంటుందో మీరే నాకు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య