పెద్ద వల వేసి లాగేయొచ్చు కదా అని అడిగిన పిల్లలకు

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, సముద్రంలో ప్లాస్టిక్ అంతా ఒకచోట పోగుపడి దీవిలా ఉందట కదా, పెద్ద వల వేసి లాగేస్తే సరిపోదా?" అని అడిగారు. బతుకంతా ఓడల మీద పనిచేసినవాణ్ని, వల సంగతి దగ్గరే మొదలుపెడతాను.

మీరు విన్న చోటు ఉత్తర పసిఫిక్ మహాసముద్రంలో, హవాయికీ కాలిఫోర్నియాకీ మధ్య ఉంది. 1997లో చార్లెస్ మూర్ అనే కెప్టెన్ పడవ పందెం ముగించుకుని హవాయి నుంచి ఇంటికి తిరిగి వెళ్తూ, పడవలు మామూలుగా వెళ్లని ఆ దారి పట్టాడు. రోజుల తరబడి ఎప్పుడు చూసినా ఏదో ఒక ప్లాస్టిక్ ముక్క తేలుతూ కనబడిందట. ఆ తర్వాత పత్రికలవాళ్లు దానికి చెత్తదీవి అని పేరు పెట్టేశారు. దీవి అనేసరికి దాని మీద దిగి నడవచ్చని మీరు అనుకోవడంలో తప్పులేదు. కానీ 2018లో శాస్త్రవేత్తలు కట్టిన లెక్క చూడండి. ఆ ప్రాంతం విస్తీర్ణం 16 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో తేలే ప్లాస్టిక్ సుమారు 79,000 టన్నులు. భాగించండి, చదరపు కిలోమీటరుకు 50 కిలోలు కూడా రాదు. ఓడ డెక్ మీద నిలబడి చూస్తే మీకు కనిపించేది నీళ్లే.

ఇక ముక్కల లెక్క తీస్తే, నూటికి తొంభైకి పైగా 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, అలల తాకిడికి విరుగుతుంది, ఆ విరిగినవి మళ్లీ విరుగుతాయి. అంత చిన్నవాటిని పట్టే సన్నటి వల వేశామనుకోండి, వాటితోపాటు చేపగుడ్లూ, కంటికి ఆనని జీవులూ అన్నీ ఎక్కివస్తాయి. పెద్ద ముక్కలను ఏరేవాళ్లు ఉన్నారు, వాళ్ల శ్రమను తీసిపారెయ్యను. కానీ పొడి అయ్యాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. కాబట్టి ప్లాస్టిక్ ఇంకా ముక్కలు కాకముందే, చేతికి అందేచోట ఉండగానే పట్టుకోవాలి.

ఆ 79,000 టన్నుల్లో దాదాపు సగం ఏమిటో తెలుసా? చేపల వలలు. అంటే సముద్రం మీద బతికేవాళ్ల చేతుల్లోంచి పోయినవి. అందుకని ముందు మావాళ్ల సంగతి చెప్పి, తర్వాత మీ దగ్గరికి వస్తాను.

ఒకప్పుడు ఓడలో చెత్త అంటే అంచు మీంచి గిరాటు వెయ్యడమే. ఓడల వల్ల సముద్రం పాడవకుండా మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. చెత్త గురించి చెప్పే దాని ఐదో అనుబంధం 1988 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. ఆహార వ్యర్థాలకు కొన్ని సడలింపులున్నాయి, తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటాక ఓడ నడుస్తుండగా పారబోయొచ్చు, కొన్ని ప్రత్యేక సముద్రాల్లో అయితే ఇంకా కట్టుబాట్లున్నాయి. ప్లాస్టిక్‌కు మాత్రం ఏ సముద్రంలోనూ, ఎంత దూరం వెళ్లినా సడలింపు లేదు. దాన్ని ఓడలోనే కాల్చినా, ఆ బూడిద కూడా నీళ్లలో వెయ్యకూడదు. వంటగది బకెట్‌లో మిగిలిన తిండితో పాటు ఒక్క ప్లాస్టిక్ కవరు పడిందా, బకెట్ మొత్తం ప్లాస్టిక్ కిందే లెక్క. చెయ్యి పెట్టి ఆ కవరు తీస్తేనే మిగతాది పారబోయడానికి వీలు. వంటగదిలో పనిచేసే కుర్రాళ్లు ఆ పని మీద ఎంత విసుక్కునేవాళ్లో నాకు బాగా గుర్తు.

దీనికంతా ఒక పుస్తకం ఉంటుంది, గార్బేజ్ రికార్డ్ బుక్. మీ హోంవర్క్ నోట్సు కన్నా కచ్చితంగా రాయాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, ఏ రకం చెత్త, ఎన్ని ఘనపు మీటర్లు, చివర సంతకం. రకాలకు అక్షరాలుంటాయి, 'ఎ' అంటే ప్లాస్టిక్, 'బి' అంటే ఆహార వ్యర్థాలు, అలాగన్నమాట. పేజీ నిండగానే కెప్టెన్ సంతకం చెయ్యాలి. చెత్తను రేవులో అప్పగిస్తే అక్కడివాళ్లు ఇచ్చిన రసీదు జతచెయ్యాలి. చివరి రాత రాశాక కూడా రెండేళ్లు దాన్ని దాచాలి. టన్నేజీ అంటే ఓడ ఎంత పెద్దదో చెప్పే కొలత. మొదట్లో ముఖ్యంగా 400 టన్నేజీ, ఆ పైన ఉన్న ఓడలకు ఈ పుస్తకం ఉండేది. 2024 మే నుంచి 100 టన్నేజీ, ఆ పైన ఉన్నవీ రాయాల్సిందే. తనిఖీకి వచ్చిన అధికారి ఓడలో ఎంతమంది, ఎన్ని వారాలు నీళ్ల మీద ఉన్నారు అని అడిగి, 'ఎ' కింద రాసింది మరీ తక్కువగా ఉంటే కనుబొమ్మ ఎగరేస్తాడు. ఇంతమంది తిని తాగి కవర్లే వాడలేదా అని.

ఇక్కడ నాదో ఫిర్యాదు. రూలు పెట్టినవాళ్లు చెత్త దింపుకునే ఏర్పాటూ చెయ్యాలి కదా. మా ఓడ ఆగిన ఒక రేవులో చెత్త తీసుకెళ్లడానికి బార్జ్ అనే బల్లపరుపు పడవ వస్తుందన్నారు, ఓడ బయల్దేరే వేళ దాకా రాలేదు. ఆ సంచులన్నీ మోసుకుని మళ్లీ సముద్రం మీదికే వెళ్లాం. రేవు సరిగా ఉంటే నావికుడు సరిగా ఉండడం తేలిక. పెద్దవాళ్లయ్యాక మీలో ఎవరైనా రేవులు నడిపితే ఇది గుర్తుపెట్టుకోండి.

సరుకు సంగతీ ఉంది. 1992 జనవరిలో ఉత్తర పసిఫిక్‌లో తుపాను గాలికి ఒక ఓడ మీంచి కంటైనర్లు పడిపోయాయి. ఒకదాంట్లో 28,800 ప్లాస్టిక్ స్నానపు బొమ్మలు, పసుపు బాతులూ, తాబేళ్లూ, కప్పలూ, బీవర్లూ. అవి ఏళ్ల తరబడి తీరాలకు కొట్టుకొస్తుంటే శాస్త్రవేత్తలు వాటిని చూసి సముద్ర ప్రవాహాల దారులు తెలుసుకున్నారు. అది వినడానికి సరదాగా ఉంటుంది. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ తగలబడి మునిగింది, అది సరదా కాదు. అందులో ప్లాస్టిక్ వస్తువుల తయారీకి వాడే ముడి గుళికలు సుమారు 1,680 టన్నులున్నాయి. తీరం పొడవునా ఇసుకలో తెల్లగా మేట వేశాయి. వాటిని జల్లెడ పట్టి ఏరాల్సి వచ్చింది. నావికుడి వంతు ఏమిటంటారా? గాలి ముదరకముందే కంటైనర్ల కట్లు ఒక్కొక్కటీ తిరిగి చూసి బిగించడం. ఎవరూ మెచ్చుకోని పని, అందుకే చెబుతున్నాను.

తెరచాప పడవల మీద వెళ్లేవాళ్లకు వేరే జాగ్రత్తలు. అక్కడ గాలే మొదటి దొంగ. డెక్ మీద పెట్టిన కవరు మీరు తల తిప్పేలోగా నీళ్లలో ఉంటుంది. తెలిసినవాళ్లు సామాను ఒడ్డునే విప్పి, అట్టలూ కవర్లూ అక్కడే వదిలి, సరుకును డబ్బాల్లో పోసుకుని ఎక్కుతారు. తాగే నీళ్లు ట్యాంకులో నింపుకుంటారు, సీసాలు కొనరు. నైలాన్ మోకు కోసేటప్పుడు చూశారా? కత్తి పడగానే కొసన పోగులు విడిపోయి ఎగురుతాయి. ముందు కోసే చోట టేపు చుట్టి, బకెట్ మీద పట్టుకుని కోసి, కొసను మంటకు చూపి కరిగిస్తే ఒక్క పోగు కూడా పోదు. పడవ అడుగుకు రంగు వేసేముందు పాత రంగు గీకుతారు. ఆ పొడిలోనూ ప్లాస్టిక్కే. కింద పట్టా పరిచి, పొడిని పీల్చే యంత్రంతో రుద్దాలి.

దారిలో వదిలేసిన వల కనిపిస్తే? మనిషి లేకపోయినా అది చేపల్నీ తాబేళ్లనీ పడుతూనే ఉంటుంది. అయినా నీళ్లలోకి దూకొద్దు, పడవ అడుగున నీళ్లలో తిరిగే చక్రానికి వల చుట్టుకుందంటే మీరే చిక్కుతారు. అక్షాంశ రేఖాంశాలూ, టైమూ రాసుకుని తీర రక్షక దళానికి చెప్పండి. జంతువు చిక్కుకుని ఉంటే అదీ చెప్పండి, మీరు లాగకండి.

ఇప్పుడు మీ దగ్గరికి. సముద్రంలోకి వచ్చే ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం భూమి మీదిదే. 2010 ఒక్క ఏడాదిలో తీరదేశాల నుంచి 48 లక్షల నుంచి 1 కోటి 27 లక్షల టన్నుల దాకా వచ్చి ఉంటుందని ఒక అంచనా. సముద్రం ఎంత దూరంలో ఉన్నా, కాలువకూ వాగుకూ నదికీ దారి తెలుసు. వాన మొదలయ్యేముందు కాలువ మూత పక్కన పడున్న కవరు తీశారంటే, నది సముద్రంలో కలిసేచోట ప్లాస్టిక్ పట్టేవాడికి ఆ పని తప్పినట్టే.

ప్యాకెట్ కొస చించేటప్పుడు చిన్న ముక్క పూర్తిగా ఊడదియ్యకండి. అది ఎప్పుడూ డబ్బాలోకి చేరదు, ఎగిరిపోతుంది. పాలియెస్టర్ బట్టలు ఉతికిన ప్రతిసారీ సన్నటి పోగులు నీళ్లతో పోతాయి. అవసరమైనప్పుడే, మిషన్ నిండాకే, చల్లటి నీళ్లతో ఉతకమని ఇంట్లో చెప్పండి. గాల్లోకి బెలూన్లు వదలడం మానెయ్యండి, అవి కిందికి రాక తప్పదు.

"మేం రీసైక్లింగ్ డబ్బాలోనే వేస్తున్నాం" అని గర్వంగా రాశారు. వెయ్యండి. కానీ 2015 దాకా లోకంలో పోగుపడిన ప్లాస్టిక్ వ్యర్థాల్లో మళ్లీ వాడుకకు మారింది దాదాపు 9 శాతమే. కాబట్టి అసలు తీసుకోకపోవడం ముందు, డబ్బా తర్వాత. "మట్టిలో కలిసిపోతుంది" అని రాసిన సంచులనూ గుడ్డిగా నమ్మకండి. అలాంటి సంచిని మూడేళ్లు మట్టిలోనూ సముద్రంలోనూ ఉంచి తీస్తే, ఇంకా సామాను మోసిందని 2019లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు చూపించారు.

చివరగా, వచ్చే నెల తీరం శుభ్రం చెయ్యడానికి వెళ్తామన్నారు కదా. చేతి తొడుగులు వేసుకోండి, సూదులూ గాజుముక్కలూ కనిపిస్తే పెద్దవాళ్లను పిలవండి. ఏరినవి ఊరికే సంచిలో వెయ్యకుండా రకాలవారీగా లెక్క రాయండి. 1986లో అమెరికాలో మొదలై, ఆ తర్వాత చాలా దేశాల్లో వాలంటీర్లు అలా రాస్తూ వచ్చారు కాబట్టే సిగరెట్ పీకలు ఎంతగా పోగుపడుతున్నాయో లోకానికి తెలిసింది. వాటి ఫిల్టర్ కూడా ప్లాస్టిక్కే. ఒకరు ఏరండి, ఒకరు రాయండి, గంటకోసారి మారండి. తేదీ, టైమూ, ఎంత దూరం నడిచారో పైన రాసి, కాగితం నాకు పంపండి. సంతకాలు మర్చిపోకండి.

మీ
ఓడ తాతయ్య